ఇంటి క్లీనింగ్‌కు మనుషులను పిలిచే ముందు

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. సంక్రాంతికి ముందు డీప్ క్లీనింగ్ చేయిద్దామనుకుంటున్నాం. ఒకళ్లు 3,000 అంటున్నారు, ఇంకొకళ్లు 6,500 అంటున్నారు. హాల్లో మార్బుల్ ఉంది. పగలు ఇంట్లో అత్తయ్య, మామయ్య మాత్రమే ఉంటారు. ఎవర్ని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ రెండు ధరలూ ఒకే పనికి చెప్పారో లేదో తేల్చుకోండి. కొందరి దృష్టిలో డీప్ క్లీనింగ్ అంటే నేల మెషిన్‌తో రుద్ది బాత్‌రూములు కడగడమే. కొందరు కిటికీ చానళ్లు, ఫ్యాన్లు, వంటింటి అల్మారాల లోపలి భాగం, చిమ్నీ, ఫ్రిజ్ వెనక వరకూ కలిపి చెబుతారు. ఏ గదిలో ఏమేం చేస్తారు, ఏవి చేయరు, ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు పడుతుంది, జీఎస్టీ కలిపిన ధరా కాదా అన్నది వాట్సాప్‌లో రాసి పంపమనండి. సామాన్లున్న రెండు బెడ్‌రూముల ఇల్లు బాగా చేయాలంటే ముగ్గురికి ఐదారు గంటలు పడుతుంది. ఇద్దరొచ్చి రెండు గంటల్లో ముగిస్తామంటే కిటికీ చానళ్లలో మట్టి ఎక్కడిదక్కడే ఉంటుంది.

జీఎస్టీ విడిగా వేస్తామంటే నంబరు అడగండి. 15 అక్షరాలుంటాయి, తెలంగాణలో రిజిస్టరైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరు మీదుందో వచ్చేస్తుంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న సంస్థకు నంబరు లేకపోవడం తప్పేమీ కాదు. నంబరు లేకుండా జీఎస్టీ వసూలు చేస్తే మాత్రం వాళ్లను వదిలేయండి.

ఇక మీ మార్బుల్ సంగతి. మీరు అడగాల్సిన ప్రశ్నల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది: "నేలకు ఏం వాడతారు?" బోరు నీళ్ల తెల్లమరకలు త్వరగా పోవాలని చాలామంది యాసిడ్ పోసేస్తారు. మార్బుల్ అంటే కాల్షియం కార్బనేట్. యాసిడ్ పడగానే బుసబుస నురగ వస్తుంది. ఆ నురగను చూసి మురికి వదులుతోందనుకుంటాం గానీ, అక్కడ కరుగుతున్నది రాయి. తుడిచాక అక్కడ మెరుపు పోయి, మసకబారిన మచ్చ మిగులుతుంది. మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప అది పోదు. తాండూరు, బేతంచెర్ల, కడప బండలూ సున్నపురాయి జాతివే, వాటికీ ఇదే ప్రమాదం. గ్రానైట్ కొంత తట్టుకుంటుంది గానీ టైల్స్ సందుల్లోని సిమెంటు, కుళాయిల మీది క్రోమ్ పూత తట్టుకోవు. "మార్బుల్‌కు న్యూట్రల్ లిక్విడ్ (యాసిడ్ గానీ క్షారం గానీ కానిది) వేరే ఉంది" అన్నవాళ్లు పని తెలిసినవాళ్లు. "అన్నిటికీ ఒకటేనండీ" అన్నవాళ్లకు మీ హాలు అప్పజెప్పకండి. వచ్చిన రోజు డబ్బాలు చూడండి. లేబుల్ లేని నీళ్ల సీసాలో పోసి తెచ్చింది ఏదైనా సరే వద్దనండి. లేబుల్ ఉన్నదాన్నయినా ముందు సోఫా కింద జానెడు మేర వాడించి, ఆరాక చూసి, ఆ తర్వాతే హాలంతా చేయించండి.

బ్లీచింగ్, యాసిడ్ ఒకే బాత్‌రూములో ఒకదాని వెంట ఒకటి వాడనివ్వకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో పనిచేసే మనిషికి ఊపిరాడదు. పక్క గదిలో పెద్దవాళ్లుంటే వాళ్లకూ ప్రమాదమే.

వచ్చే మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు ముందురోజే తీసుకోండి. గుర్తింపు కోసం ఆధార్ చూపిస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. గేటు దగ్గర పేర్లు సరిపోలాకే లోపలికి పంపమని వాచ్‌మన్‌కు చెప్పండి. బంగారం, మందులు, కాగితాలు ఒక గదిలో పెట్టి తాళం వేసి, ఆ గది తుడిచే పని మీరే పెట్టుకోండి. ఇది వాళ్లను అనుమానించడం కాదు, రేపు ఏదైనా కనిపించకపోతే వాళ్ల మీద మాట పడకుండా కాపాడటం కూడా. వీలైతే ఆ రోజు మీరో, మీవారో ఇంట్లో ఉండండి.

మొదటి అరగంటలోనే పనితనం తెలిసిపోతుంది. పని తెలిసినవాళ్లు ఫ్యాన్లు, బూజు, అటకలతో మొదలుపెట్టి కిందికి దిగుతారు. పొడి దుమ్మంతా లాగాకే తడి ముట్టుకుంటారు. ముందే నీళ్లు కొడితే దుమ్ము బురదై చానళ్లలో, మూలల్లో పేరుకుంటుంది. బాత్‌రూము గుడ్డతో వంటింటి గట్టు తుడుస్తుంటే వెంటనే ఆపండి. స్విచ్‌బోర్డులు తుడిచేటప్పుడు ఎంసీబీ (ఆ గదికి కరెంటు ఆపే స్విచ్) ఆపించండి. కిటికీ అద్దాల బయటివైపు కోసం సజ్జా మీదికి దిగుతామంటే ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోకండి. ఓ అద్దం మురికిగా ఉంటే ఏమీ కాదు.

అడ్వాన్సు 20 శాతానికి మించి ఇవ్వకండి. మిగతాది వాళ్లు వెళ్లేలోపు, పగటి వెలుతురులో గది గదీ చూసుకున్నాక ఇవ్వండి. కమోడ్ వెనక, గ్యాస్ పొయ్యి కింద, తలుపుల పైఅంచు మీద వేలితో రాసి చూడండి.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. విజయవాడలో అమ్మానాన్నల ఇంటికి క్లీనింగ్ బుక్ చేశాను, పనివాళ్లు రాలేదు. నెట్‌లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు అమ్మ ఫోన్ చేస్తే, రీఫండ్‌కు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటున్నారు.

జవాబు: కొట్టొద్దని అమ్మగారికి ఇప్పుడే చెప్పండి. మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొడితే డబ్బు పోవడమే. ఫోన్‌లో ఏదైనా యాప్ వేయించి ఉంటే తీసేయించండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, బ్యాంకుకూ చెప్పించండి. ఈసారి నెట్‌లో స్టార్లు చూసి కాకుండా, అదే వీధిలో ఈమధ్య పని చేయించుకున్న ఇద్దరిని నాన్నగారిచేత అడిగించి బుక్ చేయండి.

ప్రశ్న: క్లీనింగ్‌కు వచ్చినవాళ్లు చిమ్నీ ఫిల్టర్లు వేడినీళ్లలో ఏదో పొడి వేసి నానబెట్టారు. తీసేసరికి నల్లగా అయిపోయాయి. పాతబడ్డాయంటున్నారు. బిల్లూ ఇవ్వలేదు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఫిల్టర్లు అల్యూమినియం జాలీవైతే అది వాషింగ్ సోడా గానీ, అంతకన్నా ఘాటైన కాస్టిక్ సోడా గానీ అయ్యుంటుంది. క్షారం తగిలితే అల్యూమినియం నల్లబడి, తినేసినట్టవుతుంది. అలాంటి జాలీని గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమాలి. స్టీల్ ఫిల్టర్లకు సోడా వేసినా ఫరవాలేదు. ఫొటోలు తీసి, డబ్బు పంపిన రుజువుతో కలిపి సంస్థకు వాట్సాప్‌లో పెట్టండి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. పలక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. అక్కడా తేలకపోతే గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు.