టెక్ సందేహాలు: నా దగ్గర నడిచే స్క్రిప్టు వాళ్ల దగ్గర ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న: ముగ్గురం కలిసి సీ ప్లస్ ప్లస్‌లో ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నాం. కంపైల్ చేయడానికి నేను రాసిన షెల్ స్క్రిప్టు నా ఉబుంటు లినక్స్ ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. మ్యాక్ ఉన్న ఫ్రెండ్‌కి, ఫైల్లో మాటలు మార్చే సెడ్ కమాండ్ దగ్గర ఎర్రర్ వస్తోంది. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ వాడే ఫ్రెండ్‌కైతే మొదటి లైన్‌కే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటోంది. ఒక్కొక్కరికి ఒక్కో స్క్రిప్టు రాయాలా?
– బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: వద్దు. మూడు స్క్రిప్టులు పెట్టుకుంటే వారం తిరక్కుండానే మూడూ మూడు దారులు పడతాయి.

ముందు విండోస్ సంగతి. అక్కడ తప్పు మీ స్క్రిప్టుది కాదు. లైన్ అయిపోయిందని చెప్పడానికి లినక్స్, మ్యాక్ ఒకే గుర్తు వాడతాయి, లైన్ ఫీడ్. విండోస్ దానికి ముందు క్యారేజ్ రిటర్న్ అని ఇంకోటి చేరుస్తుంది. విండోస్‌లో గిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్) ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అన్నిటికీ నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే, ఫైళ్లు దించేటప్పుడు ఆ గుర్తును గిట్టే పెట్టేస్తుంది. స్క్రిప్టును ఏ ప్రోగ్రామ్ నడపాలో చెప్పేది మొదటి లైనే. దాంతో డబ్ల్యూఎస్ఎల్ వెతికేది ‘బాష్’ కోసం కాదు, తోకలో కంటికి కనిపించని అక్షరం అతుక్కున్న ‘బాష్’ కోసం. అలాంటి ప్రోగ్రామ్ ఎక్కడుంటుంది? ప్రాజెక్టు ఫోల్డర్‌లో డాట్ గిట్‌అట్రిబ్యూట్స్ అనే ఫైలు పెట్టి, ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైళ్లన్నిటికీ ఈఓఎల్ (లైన్ చివరి గుర్తు) విలువ ఎల్ఎఫ్ (లైన్ ఫీడ్) అని ఒక్క లైన్ రాసి కమిట్ చేయండి. ఆ ఫ్రెండ్ మాత్రం తన దగ్గరున్న స్క్రిప్టును డిలీట్ చేసి మళ్లీ చెకౌట్ చేసుకోవాలి, లేదంటే పాత గుర్తులు అలాగే ఉండిపోతాయి.

ఇక మ్యాక్. సెడ్‌కి మైనస్ ఐ ఇచ్చి ఫైలును అక్కడికక్కడే మార్చి ఉంటారు. ఉబుంటులో ఉండేది గ్నూ సెడ్, మ్యాక్‌లోది బీఎస్‌డీ సెడ్. మైనస్ ఐ తర్వాత బ్యాకప్ ఫైలుకు తగిలించే ఎక్స్‌టెన్షన్ ఇచ్చి తీరాలని రెండోది పట్టుబడుతుంది. మీరు ఇవ్వలేదు కాబట్టి, ఏది దేనిగా మార్చాలో రాసిన ముక్కనే ఎక్స్‌టెన్షన్ అనుకుంటుంది, ఫైలు పేరును కమాండ్ అనుకుని బోల్తా పడుతుంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణంలో సెడ్‌కి ఈ ఆప్షన్ లేనే లేదు. ఫలితాన్ని తాత్కాలిక ఫైల్లోకి పంపి, ఎంవీ కమాండ్‌తో పాత పేరు మీదికి తెచ్చేయండి. ఎక్కడైనా నడుస్తుంది.

సెడ్ గండం దాటినా మ్యాక్‌లో అసోసియేటివ్ అర్రేలు (అంకెలకు బదులు పేర్లతో విలువలు దాచుకునే పట్టికలు) కాచుకుని ఉంటాయి. అవి 2009లో బాష్ 4తో వచ్చాయి. ఆపిల్ ఇచ్చేది ఇప్పటికీ బాష్ 3.2. బాష్ 4 నుంచి లైసెన్సు జీపీఎల్ 3కి మారడమే కారణమని అందరూ అనుకునే మాట. మీ ఉబుంటు కూడా అమాయకురాలేం కాదు. 2006లో వచ్చిన 6.10 నుంచి అందులో ఎస్‌హెచ్ అంటే బాష్ కాదు, డాష్ అనే ఇంకో షెల్. మొదటి లైన్‌లో ఎస్‌హెచ్ అని పెట్టి లోపల బాష్ వేషాలు వేస్తే, అంటే పోలికకు రెండు ఈక్వల్ గుర్తులు రాస్తే, డాష్ ఒప్పుకోదు. ఒక్కటే రాయండి.

నా మటుకు నేను ఒక సాయంత్రమంతా తగలేసింది ఫైలు పేరు మీద. హెడర్ ఫైలు పేరులో మొదటిది పెద్ద అక్షరం, ఇన్‌క్లూడ్ లైన్‌లో చిన్నది రాశాను. మ్యాక్, విండోస్ మామూలుగా ఆ తేడా పట్టించుకోవు. నా మ్యాక్‌లో చక్కగా కంపైలైంది, లినక్స్ సర్వర్ మాత్రం అలాంటి ఫైలే లేదంది.

ఇవన్నీ చూశాక నా సలహా: కంపైల్ పని షెల్ చేతుల్లోంచి తీసి సీమేక్ అనే బిల్డ్ టూల్‌కి అప్పజెప్పండి. కంపైలర్ ఎక్కడుంది, లైబ్రరీ పేరేమిటి అన్నది అదే చూసుకుంటుంది. స్క్రిప్టులో మిగిలేది రెండు కమాండ్లు, కాన్ఫిగర్‌కి ఒకటి, బిల్డ్‌కి ఒకటి. ఒక్క మెలిక ఉంది. లినక్స్‌లో మామూలు మేక్‌ఫైళ్లతోనైతే (మేక్ అనే బిల్డ్ ప్రోగ్రామ్‌కి సూచనలిచ్చే ఫైళ్లు) రిలీజా డీబగ్గా అన్నది కాన్ఫిగర్ చేసేటప్పుడే చెప్పాలి. విజువల్ స్టూడియోతోనైతే బిల్డ్ చేసేటప్పుడు మైనస్ మైనస్ కాన్ఫిగ్ అని చెప్పాలి. రెండు చోట్లా చెప్పేయండి, గొడవుండదు.

ప్రశ్న: పీడీఎఫ్ నోట్స్ నుంచి కాపీ చేసిన మేక్‌ఫైల్ ‘మిస్సింగ్ సెపరేటర్’ అంటోంది. అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు.
– డిప్లొమా విద్యార్థిని, వరంగల్

జవాబు: తేడా ఖాళీలో ఉంది. మేక్‌ఫైల్లో కమాండ్ లైన్ ట్యాబ్‌తో మొదలవ్వాలి, కాపీ చేసినప్పుడు అది స్పేసులైపోయింది. మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ఈ ట్యాబ్ పద్ధతి మార్చాలనుకునే సరికే వాడేవాళ్లు డజను మంది దాకా అయ్యారట. వాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక వదిలేశానని ఆయనే చెప్పారు. ఫైలును క్యాట్ కమాండ్‌కి మైనస్ ఈటీ (రెండూ చిన్న అక్షరాలే) జోడించి చూడండి. ట్యాబ్ ఉన్న చోట టోపీ గుర్తు పక్కన ఐ కనిపిస్తుంది. కాకినాడ విద్యార్థికి కూడా ఇది పనికొస్తుంది, క్యారేజ్ రిటర్న్ ఉంటే అదే టోపీ పక్కన ఎం వస్తుంది. మైనస్ పెద్ద ఏ మాత్రం వాడకండి, మ్యాక్‌లో అది లేదు.