‘మంచి తల్లి కావడానికే చదువు’ అన్నవారిని స్త్రీవాదులని అనవచ్చా?

ఆంగ్ల రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో ప్రచురించిన ‘స్త్రీల హక్కుల సమర్థన’ చదివి మీరు నిరుత్సాహపడ్డారని అర్థమైంది. చదువుకున్న స్త్రీ మంచి భార్య, మంచి తల్లి అవుతుందని పదే పదే చెప్పిన రచయిత్రిని సమాన హక్కుల వాదిగా ఎలా ఒప్పుకోవాలన్నది మీ ప్రశ్న. డిగ్రీ తరగతుల్లో రాజనీతి శాస్త్రం బోధిస్తూ ఈ పుస్తకాన్ని చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. ఈ సందేహం రాని తరగతి లేదనే చెప్పాలి. మాతృత్వం గురించి ఆమె రాసినదంతా మనస్ఫూర్తిగా నమ్మి రాసినదే అయినా, వాదం నిలబడింది మాత్రం దాని మీద కాదని నా అభిప్రాయం.

ముందుగా ఆమె ఎవరికి జవాబు చెబుతోందో చూడాలి. ఆడపిల్ల చదువంతా పురుషుణ్ణి మెప్పించడానికి పనికిరావాలని తత్వవేత్త రూసో 1762లోనే రాశాడు. 1791లో ఫ్రెంచి రాజనీతిజ్ఞుడు టాలీరాండ్ ఆ దేశ జాతీయ సభకు సమర్పించిన విద్యా నివేదిక, ఆడపిల్లలను ఎనిమిదేళ్ళు నిండాక ప్రభుత్వ బడి మాన్పించి ఇంటికి పంపమంది. పుస్తకాన్ని ఆ టాలీరాండ్‌కే అంకితం చేస్తూ ఆమె నిలదీసి అడిగినది ఒక్కటే: స్త్రీకీ వివేకం ఉన్నప్పుడు, ఆమెకు ఏది మంచిదో తేల్చే అధికారం పురుషుడొక్కడికే ఎవరిచ్చారు? హక్కులు నిరాకరించదలచినవారు ముందు స్త్రీకి వివేకం లేదని రుజువు చేయాలంటుంది. రుజువు భారాన్ని ఇలా అవతలి పక్షం మీదికి నెట్టడమే ఆ పుస్తకంలోని అసలు బలం.

రెండో అధ్యాయంలో ఒక భాగాన్ని, ఎవరి గురించో చెప్పకుండా, తరగతిలో చదివి వినిపిస్తుంటాను. బుర్రలో జ్ఞానం చేరకముందే లోకంలోకి పంపబడినవారు, పైపై మర్యాదలు బాగా నేర్చినవారు, అలంకారం మీదా సరసాల మీదా మోజున్నవారు, ఎదురు ప్రశ్నించకుండా విధేయులై ఉండేవారు ఎవరని అడిగితే, విద్యార్థులు తడుముకోకుండా ‘ఆనాటి ఆడవాళ్ళు’ అంటారు. అక్కడ ఆమె వర్ణిస్తున్నది సైనికాధికారులను. పెంపకం ఒకే తీరుగా ఉంటే మగవారిలోనూ అవే లోపాలు వస్తాయని తేలినప్పుడు, వాటిని స్త్రీ స్వభావమనడానికి ఆధారమేముంది? అంతకు రెండేళ్ళ ముందు, 1790లో, ఫ్రెంచి తత్వవేత్త కొండర్సే మరో దారిలో ఇదే నిరూపించాడు. గర్భం, తాత్కాలిక అస్వస్థతలు ఉన్నాయని స్త్రీలకు పౌరహక్కులు నిరాకరించేవారు, చలికాలమల్లా కీళ్ళవాతంతో మూలిగే మగవారికి ఆ హక్కులెందుకు తీసేయరని అడిగాడు. ఆ పేజీ చదివినప్పుడల్లా నాకు ఉత్సాహం కలుగుతుంది.

ఇక మీరు మళ్ళీ చదవవలసినది తొమ్మిదో అధ్యాయం. పెళ్ళయిన స్త్రీకి వేరే చట్టబద్ధమైన ఉనికే లేదని భావించే ఇంగ్లండులో కూర్చుని, స్త్రీలు వైద్యం చేయవచ్చనీ, వ్యాపారాలు నడపవచ్చనీ, రాజకీయాలు చదవవచ్చనీ ఆమె రాసింది. నవ్వుతారని తెలిసి కూడా, స్త్రీలకు తమ ప్రతినిధులు ఉండాలన్న సూచన అక్కడే చేసింది. మంచి తల్లులను తయారు చేయడమే గమ్యమైతే ఇవేవీ అక్కర్లేదు.

ఆమెను విమర్శించదలిస్తే పన్నెండో అధ్యాయం దగ్గర విమర్శించండి. ధనిక, పేద తేడా లేకుండా ఆడా మగా పిల్లలందరూ కలిసి చదివే ఉచిత పగటి బడులను ప్రతిపాదించిన అదే రచయిత్రి, తొమ్మిదేళ్ళు దాటాక ఇంటిపనులకూ చేతివృత్తులకూ పోవలసిన పిల్లలను వేరే బడులకు పంపి, పై చదువును ప్రతిభావంతులకూ కలిగినవారికీ ఉంచింది. ఆడపిల్లను ఎనిమిదేళ్ళకు ఇంటికి పంపడం అన్యాయమన్న వాదన, పేదపిల్లను తొమ్మిదేళ్ళకు పక్కకు తప్పించడానికి ఎందుకు వర్తించదో ఆమె సమాధానం చెప్పలేదు. నా విద్యార్థులు ఎక్కువసేపు వాదించుకునేదీ, వాదించుకోవాలని నేను కోరుకునేదీ ఈ విషయం మీదనే.