వెండి సిరాతో పనికి దిగుతున్న మేనకోడలికి

అమ్మలూ,

ప్లాస్టిక్ రేకు మీద వెండి సిరాతో సర్క్యూట్ అచ్చేసి, చెమటలో ఉప్పు కొలిచే పట్టీ చేస్తున్నావట. అన్నయ్య ఫోన్లో చెప్పగానే ఎంత గర్వమేసిందో! తెల్లారేసరికి గుబులు పట్టుకుంది.

గ్లవ్స్ వేసుకో, రేకు తుడువు, సిరా బాగా కలుపు. ఇవి నీకు తెలిసినవే. ముద్ద వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి గానీ నీ సిరాలో ఉండే నానో రేణువులు, అంటే కంటికి ఆనని వెండి నలుసులు, 150 లోపే ఒకదానికొకటి అతుక్కుంటాయి. అది దాటితే నీ పెట్ ప్లాస్టిక్ రేకు ముడుచుకుపోతుంది. ఓవెన్ డయల్‌ని నమ్మకు, రేకు పక్కనే థర్మోకపుల్, అదే వేడి కొలిచే తీగ, పెట్టు.

నా బెంగంతా తడి గురించే. నేను పనిచేసిన చోట మెంబ్రేన్ కీప్యాడ్లు, అంటే పలచటి ప్లాస్టిక్ పొర కింద మీటలుండే పలకలు, అచ్చేసేవాళ్లం. వెండి గీతల మీద కార్బన్ పూత వేసేవాళ్లం. ఒక ఏడాది ఆ పూత ఖర్చు దండగన్నారు పైవాళ్లు. ఏసీ గదిలో అన్నీ పాసయ్యాయి. వానలు పడ్డాక సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి ఒకటే ఫిర్యాదు: ఎవరూ నొక్కకుండానే మీటలు పడుతున్నాయని. ఒకటి విప్పి మైక్రోస్కోప్ కింద పెట్టాను. రెండు గీతల మధ్య ఫెర్న్ ఆకులా కొమ్మలు కొమ్మలుగా వెండి మొలిచి ఉంది. తేమకి డీసీ వోల్టేజీ తోడైతే ప్లస్ గీతలోని వెండి అయాన్లుగా కరిగి మైనస్ వైపు పోతుంది. అక్కడ లోహంగా పేరుకుని వెనక్కి పెరుగుతుంది. ప్లస్ గీతని తాకిందా, షార్టే. సరుకంతా వాపసొచ్చింది. మళ్లీ అచ్చెయ్యలేక ఆడపిల్లలు అచ్చు వేసే స్క్రీన్ల దగ్గరే కునికేవాళ్లు.

గాలిలో తేమే అంత పని చేసింది. నువ్వేమో ఏకంగా చెమటలోనే పెడతానంటున్నావు! కొలిచే చోటు తప్ప మిగతా వెండినంతా కప్పెయ్. గీతల మధ్య ఎడం పెంచు. ముందు ఒక పని చెయ్యి: రెండు గీతలకి అడ్డంగా డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి, కొద్ది వోల్టులిచ్చి మైక్రోస్కోప్‌లో చూడు. కొమ్మలు నీ కళ్లముందే మొలుస్తాయి.

ఇంకొకటి బతిమాలి చెప్తున్నాను. సిల్వర్ నైట్రేట్‌లో అమ్మోనియా కలిపి సిరా నువ్వే చేసుకుంటే, మిగిలింది దాచకు. నిలవుంటే నల్లటి మడ్డి కట్టొచ్చు, అది కాస్త కదిపినా పేలుతుంది. ఆ పూటే పలచని యాసిడ్ పోసి, వెండి వ్యర్థాల డబ్బాలో వెయ్యి. చిన్నప్పుడు సగం కొరికిన బిస్కెట్ కూడా దాచుకునేదానివి, అందుకే నాకీ భయం.

మీ ల్యాబ్ ఫ్రిజ్‌లో ఏదో సీసా పెట్టావని అన్నయ్య అన్నాడు. అదేమిటో, ఎప్పటిదో ఇది చదవగానే ఫోన్ చేసి చెప్పు. అమ్మోనియా కలిపిన సిరాదై, పాతదైతే మూత ముట్టుకోకు, మీ మేడంని పిలువు.

నీ అత్త