పసుపు బీట్‌రూట్ గింజలు సగం కూడా మొలవడం లేదు, నాసిరకం అంటగట్టారా?

అంటగట్టలేదండీ. పసుపు బీట్‌రూట్ తీరే అంత, ఎర్రదానికంటే తక్కువ మొలుస్తుంది. బర్పీస్ గోల్డెన్ అనే రకానికి ఆ చెడ్డపేరు ఎప్పటినుంచో ఉంది, టచ్‌స్టోన్ గోల్డ్ రకం కాస్త నయం. ప్యాకెట్ మీద చెప్పిన దూరం పట్టించుకోకుండా రెట్టింపు ఒత్తుగా వేయండి.

మేముండేది న్యూజెర్సీలో. ఏప్రిల్ మధ్యలో గింజల్ని రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున వేసి, పైన తడి గోనెపట్టా కప్పుతాను. మొలక కనబడగానే తీసేయాలి. అప్పటిదాకా పైమన్ను ఒక్కపూట కూడా ఆరకూడదు. నన్నడిగితే కీలకమంతా అక్కడే ఉంది, ఎరువుల్లో ఏమీ లేదు. టెక్సాస్‌ వాళ్లు మాత్రం ఏప్రిల్ దాకా ఆగొద్దు, ఫిబ్రవరిలోనే వేసుకోండి.

అసలు గొడవ మొలిచాకే. మనం గింజ అనుకునేది కొన్ని గింజలు కలిసి ఎండిన గుత్తి, ఒక్కదాన్లోంచే రెండు మూడు మొలకలు లేస్తాయి. వాటిని పలచన చేయాల్సిందే. తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చినప్పుడు నేను కత్తెరతో మొక్కలు తీసేస్తుంటే ఆవిడకి మనసొప్పలేదు.

"అంత కష్టపడి మొలిపించి నరికేస్తావేంటే అమ్మాయ్, పక్కన నాటుకోరాదూ?"

"పీకి నాటితే దుంప సరిగ్గా ఊరదు అత్తయ్యా."

వింటేగా! ఓ గుప్పెడు పీకి మడి చివర నాటారు, రోజూ చెంబుతో నీళ్లు పోశారు. జులైలో తవ్వితే నా వరసలో నిండు దుంపలు, ఆవిడ వరసలో ఆకు ఏపుగా ఉంది గానీ కింద వంకర వేళ్లే. అయితే నేను కత్తిరించిన లేతాకుని ఆవిడ పారేయనివ్వలేదు. కందిపప్పులో వేసి వెల్లుల్లి తాలింపు పెట్టారు. పాలకూరకి దగ్గర చుట్టమే కదా, అంతకన్నా కమ్మగా ఉంది. ఇప్పుడు ఆ పప్పు కోసమైనా ఒత్తుగా చల్లుతున్నాను.

ఇంకో మాట. "ఎర్రదే ఆరోగ్యం, పసుపుది సోకు" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. రెండింటి రంగులూ బీటలైన్లనే ఒకే జాతి రంగు పదార్థాలే, ఎర్రదాంట్లో ఎరుపునిచ్చే బీటాసయనిన్లు ఎక్కువ, పసుపుదాంట్లో పసుపునిచ్చే బీటాక్సాంథిన్లు. పైగా పసుపుది పెరుగుపచ్చడి చేస్తే పెరుగు గులాబీరంగు తిరగదు, మట్టివాసన కూడా తక్కువే. ఎర్ర వేపుడు చూస్తే కంచం తోసేసే మా చిన్నాడు దీన్ని అడిగి మరీ వేయించుకుంటాడు.

దుంప రెండంగుళాలు కాగానే తవ్వేయండి, ముదరనిస్తే పీచు పడుతుంది.