జవాబు కాదు, సరిపోతుందో లేదో చెప్పండి

పోటీ పరీక్షల రీజనింగ్ విభాగం మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: 3, 7, 16, 35, 74, ? శ్రేణిలో నేను ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేసి వరుసగా 1, 2, 3, 4 కలుపుకుంటూ పోయాను. నా రూమ్మేట్ తేడాలకు తేడాలు తీసింది. ఇద్దరికీ 153 వచ్చింది. ఇది కాకతాళీయమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కాదు. తేడాలు 4, 9, 19, 39. వాటి తేడాలు 5, 10, 20. తర్వాతది 40, కాబట్టి 39+40=79, 74+79=153. రెట్టింపు చేసి 1, 2, 3 కలిపే శ్రేణి ఏ సంఖ్యతో మొదలైనా దాని రెండో తేడాలు ఇలాగే రెట్టింపవుతాయి. మీరిద్దరూ పట్టుకున్నది ఒకే సూత్రం. మొదటి తేడాలు రమారమి రెట్టింపవుతూ కనిపిస్తే లోపల ‘రెండుతో గుణకారం’ ఉందేమో చూడండి. తేడాలు ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ వస్తుంటే అవి కలగలిసిన రెండు శ్రేణులు కావచ్చు: 7, 50, 11, 45, 15, 40, తర్వాత 19.

అయితే రెండు సూత్రాలు ప్రతిసారీ ఒకే జవాబివ్వవు. 2, 4, 8 తర్వాత రెట్టింపు లెక్కన 16, తేడాల లెక్కన (2, 4, తర్వాత 6) 14. రెండూ న్యాయమే. వృత్తం మీద బిందువులు పెట్టి అన్నింటినీ గీతలతో కలపండి, లోపల ఏ మూడు గీతలూ ఒకేచోట కలవకూడదు. బిందువులు పెరిగేకొద్దీ ముక్కలు 1, 2, 4, 8, 16 వస్తాయి. ఆరో బిందువుకు మాత్రం 32 రాదు, 31 వస్తుంది! అందుకే సూత్రం చెప్పనంతవరకు శ్రేణికి ఒకటే జవాబని నిరూపించలేం. పరీక్షలో అడిగేది ఇచ్చిన సంఖ్యలన్నిటికీ సరిపోయే అతి సులువైన సూత్రం. సమానంగా సులువైన రెండు సూత్రాల జవాబులూ ఆప్షన్లలో ఉంటే తప్పు ప్రశ్నదే. ప్రాథమిక కీ మీద అభ్యంతరాలు తీసుకునే గడువులో రెండు సూత్రాలూ రాసి పంపండి.

ప్రశ్న: డేటా సఫిషియెన్సీలో (I, II అని ఇచ్చిన సమాచారం జవాబుకు చాలుతుందో లేదో చెప్పే ప్రశ్నల్లో) ‘రెండూ కావాలి’ అని పెట్టిన ప్రతిసారీ మార్కు పోతోంది. తెలియనివి రెండుంటే సమీకరణాలు రెండు కావాలి కదా?
– ఒక అభ్యర్థి, జగిత్యాల

జవాబు: మిమ్మల్ని దెబ్బతీస్తున్నది ఆ సూత్రమే. ఈ లెక్క చూడండి. సకినాల ప్యాకెట్ 70 రూపాయలు, గరిజెల ప్యాకెట్ 50. రెండు రకాలూ కొన్నారు. సకినాల ప్యాకెట్లు ఎన్ని?

I. మొత్తం బిల్లు 310.
II. మొత్తం ప్యాకెట్లు 5.

మీరు ‘రెండూ కావాలి’ అంటారు. కానీ ప్యాకెట్లు పూర్ణ సంఖ్యలే కావాలి. సకినాలు 1 అయితే మిగిలేది 240, 2 అయితే 170, 4 అయితే 30. ఏదీ 50తో భాగించబడదు. 3 అయితేనే 100 మిగిలి, గరిజెలు 2 వస్తాయి. అంటే I ఒక్కటే చాలు. II ఒక్కటే అయితే 1 నుంచి 4 దాకా ఏదైనా కావచ్చు, చాలదు.

ఇప్పుడు బిల్లును 470, ప్యాకెట్లను 7 చేయండి. సకినాలు 1, గరిజెలు 8 అయినా 470. సకినాలు 6, గరిజెలు 1 అయినా 470. ఇక్కడ I ఒక్కటీ చాలదు, II కలిస్తేనే 6 అని తేలుతుంది. ప్రశ్న రూపం మారలేదు, అంకెలు మారాయి, జవాబు మారింది. కాబట్టి సమీకరణాలు లెక్కపెట్టి ఊరుకోకండి, విలువలు పెట్టి చూడండి. అదే సరుకు కిలోల్లో, గ్రాముల్లో తూచి అమ్మేదైతే ఈ వెసులుబాటు ఉండదు.

క్రమం కూడా ముఖ్యం. ముందు II మీద చెయ్యి అడ్డం పెట్టి I చూడండి. తర్వాత I పూర్తిగా మరిచి II చూడండి. I లోని అంకె తెలియకుండానే II లోకి జారిపోవడం చాలామందికి జరిగేదే. విడివిడిగా రెండూ చాలనప్పుడే కలపండి. ఇంకొకటి: ‘x 5 కన్నా పెద్దదా?’ అన్నప్పుడు ‘కచ్చితంగా కాదు’ అని తేలినా సమాచారం సరిపోయినట్టే.

ప్రశ్న: కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్లే రైలు ఆగే నాలుగు స్టేషన్లు జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల. మూడోది ఏది? I. జమ్మికుంట తర్వాత వెంటనే పెద్దపల్లి. II. మంచిర్యాల చివరిది. మా మాక్ టెస్టులో ‘రెండూ కలిసినా చాలవు’ అని కీ ఇచ్చారు. రామగుండమని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు కదా!
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: కీ సరైనదే. మీకు తెలిసింది నిజమే, కానీ అది ప్రశ్నలో లేదు. పేర్లు తీసి జ, ప, ర, మ అని రాయండి. జ-ప-ర-మ కుదురుతుంది, ర-జ-ప-మ కూడా కుదురుతుంది. మూడోది ఒకసారి ర, ఒకసారి ప. ‘రామగుండం, మంచిర్యాల పక్కపక్కన’ అని ఇంకొక్క మాట ఇచ్చి ఉంటే మొదటి వరుస ఒక్కటే మిగిలేది. వారానికి 7 రోజులు, గంటకు 60 నిమిషాలు లాంటివి వాడుకోవచ్చు. ఊళ్ల భౌగోళిక స్థితి వాడకూడదు. నిజమైన ఊళ్ల పేర్లతో ఇలాంటి ప్రశ్న ఇవ్వడం మాత్రం మంచి పద్ధతి కాదు, స్థానికులు నష్టపోతారు.

ప్రశ్న: ఇంగ్లిష్ అక్షరాల శ్రేణులకు సులువైన దారి?
– ఒక పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: ఈ, జే, ఓ, టీ, వై స్థానాలు 5, 10, 15, 20, 25 అని కంఠస్థం చేయండి. ఏ, బీ తప్ప మిగతావి వాటి నుంచి ఒకటి రెండు అడుగులే. బీ, ఈ, ఐ, ఎన్ అంటే 2, 5, 9, 14. తేడాలు 3, 4, 5. తర్వాతది 20, అంటే టీ. తిరగేసిన అక్షరం (చివరి నుంచి లెక్కిస్తే అదే స్థానంలో వచ్చేది) అడిగితే స్థానాన్ని 27లోంచి తీసేయండి: ఈ 5 గనక 22, అంటే వీ.