మోటార్ రీవైండింగ్ షాపుతో నిలబడిన మా చిన్నాయన

"చదువు, ఆస్తి, అండ ఏవీ లేకుండా సొంత వ్యాపారంతో నిలబడిన మనిషిని దగ్గర్నుంచి చూశారా? ఎలా నిలబడ్డారు?" అని అడిగారు కదా. చూశాను. మా చిన్నాయన. అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మోటార్ రీవైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టిచ్చే షాపు నడిపాడు. పోయినేడాది చనిపోయాడు. ఎవర్ని అడిగినా "రాత్రీ పగలూ కష్టపడ్డాడప్పా" అనే చెప్తారు. అది నిజమే గానీ మా జిల్లాలో కష్టపడనివాళ్లు ఎవరున్నారు? జీవితమంతా చెనక్కాయ వేసి అప్పులతోనే పోయిన మా అబ్బ ఏం తక్కువ కష్టపడ్డాడు? నా లెక్కలో చిన్నాయన నిలబడింది వేరే దానివల్ల. మోటారు మోసుకొచ్చిన రైతు ఇంట్లో ఏం నడుస్తోందో ఆయనకు తెలుసు. పనైనా, డబ్బులైనా దాన్ని బట్టే.

ఏడో తరగతితో బడి ఆగిపోయింది. బెంగుళూరు పోయి ఒక వైండింగ్ షాపులో చేరాడు. మొదట్లో కాలిన తీగ పీకడం, టీ తేవడం, ఊడ్చడం ఇవే పనులు. పని చేతికొచ్చాక ఊరికి తిరిగొచ్చి, చీటీ పాడి ఆ డబ్బుతో రాగి తీగ కొని షాపు తెరిచాడు.

అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ అన్నేళ్లూ పడదు. అందరూ బోర్ల మీద పడ్డారు. బోరు లోతు పోయేకొద్దీ పెద్ద మోటారు, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద లెక్కకు మించిన కనెక్షన్లు, వోల్టేజీ ఉండదు. వోల్టేజీ తగ్గితే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కి కాలిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా అంతే. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది గానీ అప్పట్లో అది కొన్ని గంటలే ఉండేది, అందులోనూ కొంత రాత్రిపూట. రాత్రి లేచి పోలేక రైతులు, కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఒకే ఫీడర్ (కరెంటు లైను) మీదున్న మోటార్లన్నీ ఒక్కసారే ఎత్తుకుంటాయి, మళ్లీ వోల్టేజీ పడిపోతుంది, మళ్లీ కాలిపోతాయి. ఎండాకాలంలో మా షెడ్డు ముందర మోటార్లు వరసగా పడుకోబెట్టి ఉండేవి.

సబ్‌మెర్సిబుల్ మోటారు చుట్టడం చూశారో లేదో. ప్లాస్టిక్ తొడుగున్న తీగను మోటారు లోపలుండే ఒక్కో స్లాటులో (గాడిలో) దూర్చి, అటు నుంచి లాగి, మళ్లీ ఇటు నుంచి దూర్చాలి. ఆ మోటారు నీళ్లలోనే తిరుగుతుంది కాబట్టి తొడుగు మీద గోరంత గీత పడినా చాలు, బోర్లోకి దించిన రోజే పోతుంది. దించడం, మళ్లీ తీయడం అంటే వందల అడుగుల పైపులు విప్పాలి, నలుగురు మనుషులు కావాలి, అదంతా రైతు నెత్తినే పడుతుంది. అందుకని చిన్నాయన చుట్టిన స్టేటర్‌ను (తీగ చుట్టే మోటారు భాగాన్ని) రాత్రంతా నీళ్ల డ్రమ్ములో ముంచిపెట్టి, పొద్దున్నే ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూసి, రీడింగ్ బాగుంటేనే ఇచ్చేవాడు. "నీళ్లు పారక చెట్టు వాడిపోతోంది, సాయంత్రానికే ఇచ్చేయన్నా" అని బతిమాలినా ఇచ్చేవాడు కాదు. దానికి బదులు, కొనిపెట్టుకున్న పాత మోటార్లలోంచి ఒకటి తీసి "అంతవరకూ ఇది దించుకో" అని పంపేవాడు, అద్దె లేకుండా.

ఇంకో సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. కాలిన మోటార్లోంచి తీసిన రాగికి మంచి ధర ఉంటుంది, చాలా షాపుల్లో దాని ఊసే ఎత్తరు. చిన్నాయన దాన్ని రైతు ఎదురుగానే తూకం వేసి బిల్లులో తగ్గించేవాడు. ఆటో స్టార్టర్ పీకేయమని, ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టుకోమని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. మోటార్లు కాలకపోతే మనకు పనేది చిన్నాయనా అని అడిగితే, "కాలిన మోటారు తెచ్చినోడు దుడ్లు ఎక్కడ నుంచి ఇస్తాడ్రా? పంట పండినోడే ఇస్తాడు" అన్నాడు. ఆయన షాపు నడిచిందే అరువు మీద. బిల్లులో సగం చెనక్కాయ పెరికిన తర్వాతే వచ్చేది, వాన ఎగ్గొట్టిన ఏడు అదీ రాదు. ఇది మంచితనం మాత్రమే కాదు, గట్టి వ్యాపార బుద్ధి కూడా అని నేనంటాను. ఆత్మకూరు, బెళుగుప్ప దిక్కు నుంచి బస్సు మీద మోటారు వేసుకుని వచ్చేవాళ్లు దారిలో ఇన్ని షాపులు దాటుకుని ఈయన దగ్గరికే ఎందుకు వస్తారు మరి?

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, మా ఇంట్లో కూడా ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తా. ఇందులో సగం పని మా చిన్నమ్మది. మోనోబ్లాక్ మోటార్లకు (పంపు, మోటారు ఒకటిగా ఉండేవి), సీలింగ్ ఫ్యాన్లకు కాయిల్స్ చుట్టింది ఆమే. ఇన్సులేషన్ పేపరు కత్తిరించి మడిచిందీ, స్లాట్లెన్ని, చుట్లెన్ని, ఏ గేజ్ (మందం) తీగ అని నోటుబుక్కులో రాసిందీ ఆమే. చిన్నాయన రాత ఆయనకే అర్థమయ్యేది కాదు. స్వయంకృషితో పైకొచ్చాడు అని ఆయన్ని పొగిడినప్పుడల్లా నాకు లోపల ఏదోలా ఉండేది. ఆయనంటే నాకు ప్రాణం, అయినా ఈ ఒక్క విషయంలో ఆయన కూడా ఆలోచించలేదు. ఆమె చేతిలో ఖర్చులకని ఇచ్చాడే గానీ, ఇది నీ పని డబ్బులు అని ఇచ్చింది లేదు.

దినాలయ్యాక అరువు పుస్తకం తెరిచి చూస్తే పెద్ద మొత్తమే తేలింది. మా తమ్ముడు పల్లెలకు పోయి వసూలు చేసుకొస్తానన్నాడు. చిన్నమ్మ వద్దంది. "ఎవరిది ఎంతో నాకు తెలుసు, ఎవరి దగ్గర లేదో కూడా తెలుసు. వచ్చినోళ్ల దగ్గర తీసుకుందాం" అంది. కొందరు వచ్చి ఇచ్చిపోయారు, కొందరు రాలేదు. షాపును ఇప్పుడు చిన్నాయన దగ్గర పని నేర్చుకున్న పిల్లోడే చూసుకుంటున్నాడు. వాడు మొదట చేసిన మార్పు, చిన్నమ్మకు కాయిల్‌కు ఇంత అని రేటు కట్టి ప్రతి శనివారం చేతికివ్వడం. మొదటి వారం ఆమె తీసుకోలేదంట, రెండో వారం నుంచి లెక్క చూసుకుని మరీ తీసుకుంటోంది.