టీ కొట్టు దగ్గర పేపర్ గ్లాసు

ప్రశ్న: మేడమ్, మేం ఎస్సీలం. మా ఊరి బస్టాపు టీ కొట్టులో అందరికీ గాజు గ్లాసుల్లో టీ ఇస్తారు, మా పేటవాళ్లకు మాత్రం పేపర్ గ్లాసు. మొన్న మా నాన్న గాజు గ్లాసు అడిగితే కొట్టాయన కులం పేరెత్తి తిట్టాడు. స్టేషన్‌కి వెళ్తే, ‘ముందు ఎంక్వైరీ చేస్తాం, ఈలోగా పెద్దల్లో మాట్లాడుకోండి’ అని కాగితం తీసుకుని పంపేశారు. కేసు నిలబడుతుందా?

జవాబు: కొట్టాయన ఎస్సీ, ఎస్టీ కాకపోతే కేసు పెట్టడానికి అన్నీ ఉన్నాయి. కాకపోతే మీ కాగితంలో ఏం రాశారన్నదే నా టెన్షన్. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ‘కులం పేరుతో దూషించారు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. గ్లాసు సంగతే ఉండదు! అసలు గ్లాసే విడిగా ఒక నేరం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) చూడండి: పబ్లిక్ చోట అందరూ వాడే పాత్రలను వాడనివ్వకపోవడం అందులో ఉంది. తిట్టు మాత్రం నలుగురికీ కనబడేచోట, వినబడేచోట జరిగి ఉండాలి. బస్టాపు కాబట్టి మీకు ఆ చిక్కు లేదు.

కాబట్టి మళ్లీ రాయండి. ఏ రోజు, ఎన్నింటికి, పక్కన బెంచీ మీద ఎవరెవరున్నారు, అతను అన్న మాట అన్నట్టుగానే. రాయడానికి సిగ్గుగా ఉన్నా సరే. ఒకటి గుర్తుంచుకోండి, కేసు వార్త తెలియగానే కొట్టులో అందరికీ పేపర్ గ్లాసులే వచ్చేస్తాయి. అందుకే ఎన్నాళ్లుగా ఇలా ఇస్తున్నారో, ఇంకా ఎవరికిచ్చారో కూడా రాయాలి.

‘ముందు ఎంక్వైరీ’ అన్నది 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన మాట. అదే ఏడాది పార్లమెంటు ఈ చట్టంలోనే సెక్షన్ 18ఏ తెచ్చి, ఎఫ్‌ఐఆర్‌కు ముందు విచారణ అక్కర్లేదని చెప్పేసింది. స్టేషన్లలో మాత్రం ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. ఎస్సై మళ్లీ ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే అదే ఫిర్యాదు జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. ఎఫ్‌ఐఆర్ కట్టాక కాపీ ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. 14566 హెల్ప్‌లైన్‌కూ ఫోన్ చేయొచ్చు.

పెద్దల్లో కూర్చోమంటే నాన్నగారి చేత తెల్లకాగితం మీద సంతకం మాత్రం పెట్టించకండి.